కిస్తీ ఆగింది, ఓణీల ఫంక్షన్ కార్డు వచ్చింది

నెల్లూరు జిల్లాలో, చుట్టూ నిమ్మతోటలున్న ఒక మండల కేంద్రం నుంచి ఓ సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఆమె చెప్పిందాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ఇంట్లో రెండు బర్రెలున్నాయి, భర్త ఆటో నడుపుతారు. పదిమంది సభ్యులున్న పొదుపు గ్రూపుకు లీడరు. గ్రూపు పెట్టి పన్నెండేళ్లయింది, మొదటి నుంచీ తలకు నెలకు వంద రూపాయల పొదుపు. కిందటేడు బ్యాంకులో 5 లక్షలు తీసుకుని తలకు 50 వేలు పంచుకున్నారు. 24 కిస్తీల్లో తీర్చాలి. నెలకు 23,000, అంటే తలకు 2,300, ప్రతి నెలా పదో తేదీకల్లా పడాలి. ఆరు కిస్తీలు సాఫీగా నడిచాయి.

గ్రూపులోనే ఆమె మేనమామ కూతురు ఉంది. వయసులో పెద్దది, ఈమె ఆమెను వదిన అని పిలుస్తుంది. ఈమె రెండో కాన్పుకు పెద్దపిల్లను నెల పైగా తన ఇంట్లో పెట్టుకుని సాకింది ఆ వదినే. వదిన భర్త నిమ్మకాయల మండీలో హమాలీ. బస్తాలు మోసి మోసి నడుం దెబ్బతిని ఆపరేషన్ అయింది. బరువు ఎత్తొద్దన్నారు. ఇప్పుడు మండీలో కాయలు ఏరే పనికి వెళ్తున్నాడు, కూలి సగానికి పడిపోయింది. ఏడో కిస్తీ రోజు వదిన వచ్చి, "ఈ ఒక్క నెలా చూడమ్మా, ఎవరికీ చెప్పొద్దు" అంది. ఈమె పాల బిల్లులోంచి 2,300 తీసి కట్టేసింది. మరుసటి నెలా అంతే. రెండు నెలలూ పుస్తకంలో వదిన కట్టినట్టే రాసింది. భర్తకు చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు తన చేతిలోనూ లేక గ్రూపు కిస్తీలో 2,300 చొప్పున తక్కువ పడింది. బ్యాంకులో "ఇలాగైతే మీ పొదుపు ఖాతా ఆపేస్తాం" అన్నారు. వదిన కిస్తీ ఆగిన విషయం పదిమందికీ తెలిసిపోయింది.

అంతలో వదిన ఇంటి నుంచి కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు వచ్చింది. ముహూర్తం ఇంకా మూడు వారాలుంది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. "ఫంక్షన్‌కి ఉన్న డబ్బులు కిస్తీకి లేవా" అని గ్రూపులో ఆడవాళ్లు మండిపడుతున్నారు. ఆ రోజు అందరూ కలిసి వెళ్లి చదివింపుల బల్ల దగ్గరే కూర్చుని వచ్చిన డబ్బు వచ్చినట్టే తీసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. లీడరువి కదా, ముందు నువ్వు నడువు అంటున్నారు. వదినేమో "ఫంక్షన్ అయిన తెల్లారే చదివింపుల్లోంచి మొత్తం కట్టేస్తా" అంటోంది. ఈమె వదిన పక్షం అని గ్రూపు, గ్రూపు పక్షం అని వదిన అనుకుంటున్నారు. ఫంక్షన్‌కు వెళ్లాలా వద్దా, ఆ ఆడవాళ్లను ఆపడం తన పనేనా, లీడర్‌గా తప్పుకుంటే పీడ వదులుతుందా, భర్తకు ఎలా చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరంలో మీరు ఎక్కువగా బాధపడింది వదిన గురించి, ఫంక్షన్ గురించి. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మాత్రం మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం: పుస్తకంలో వదిన కట్టినట్టు రాయడం. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ముడులన్నీ దాని చుట్టూనే పడ్డాయి.

మీరు మనసు మంచిదై చేశారు, అందులో సందేహం లేదు. కానీ ఆ రెండు గీతల వల్ల ఏం జరిగిందో చూడండి. గ్రూపు దృష్టిలో వదిన ఎనిమిది నెలలు చక్కగా కట్టి, కూతురి ఫంక్షన్ దగ్గర పడగానే ఎగ్గొట్టిన మనిషి. అసలు సంగతి అది కాదు. భర్త ఆపరేషన్‌తో ఏడో నెల నుంచే ఆ ఇల్లు కుదేలైంది. ఈ నిజం పదిమందికీ తెలిసి ఉంటే మొదటి నెలలోనే వాళ్ల మాట తీరు వేరుగా ఉండేది. ఆపరేషన్ అయిన మనిషిని చూసి జాలిపడని ఆడవాళ్లు మీ గ్రూపులో ఉన్నారని నేను అనుకోను. జాలి పడాల్సిన సమయంలో వాళ్లకు సంగతి తెలియలేదు, తెలిసేసరికి చేతిలో ఫంక్షన్ కార్డు ఉంది. రహస్యం వదిన పరువు కాపాడుతుందని మీరిద్దరూ అనుకున్నారు. కాపాడలేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. కోపంలో ఎవరూ ఈ లెక్క వేసి ఉండరు. బ్యాంకుకు ఈ రోజు తక్కువ పడింది 4,600. తొమ్మిదిమందికి పంచితే తలకు 511 రూపాయలు. మీకు వదిన ఇవ్వాల్సింది ఇంకో 4,600, అది విడిగా మీ ఇద్దరిదీ. మొత్తం 9,200. ఇకపోతే పన్నెండేళ్లుగా నెలకు వంద చొప్పున వదిన సొంత పొదుపే గ్రూపులో 14,400 ఉంది, గ్రూపు తన నిధిలోంచి సభ్యులకిచ్చే అంతర్గత అప్పుల మీద వచ్చిన వడ్డీలో వాటా కాకుండా. అంటే మీరందరూ ఎవరి బల్ల దగ్గర కూర్చుని వసూలు చేద్దామనుకుంటున్నారో, ఆమె డబ్బు బాకీ కంటే ఎక్కువే మీ దగ్గరే ఉంది. ఈ ఒక్క సంగతి సమావేశంలో పుస్తకం తెరిచి చూపిస్తే సగం వేడి తగ్గుతుంది.

అయితే వాళ్ల కోపాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 511 రూపాయల కోసం ఇంత గొడవా అని మీకనిపించవచ్చు. వాళ్ల భయం అది కాదు. సకాలంలో కట్టిన గ్రూపులకే వడ్డీ రాయితీ దక్కుతుంది. ఒకరు ఆగితే కట్టిన తొమ్మిదిమందీ నష్టపోతారు. రేపు పెద్ద అప్పుకు వెళ్తే బ్యాంకు పాత చిట్టా తీస్తుంది. ఎవరో ఒకామె పిల్ల కాలేజీ ఫీజుకో, కొత్త బర్రెకో ఆ అప్పు మీదే ఆశ పెట్టుకుని ఉంటుంది. వాళ్లు రాక్షసులు కారు, వాళ్ల డబ్బుకు వాళ్లు భయపడుతున్నారు. మీరు వదిన తరఫున మాట్లాడే ముందు ఆ భయాన్ని మీ నోటితోనే ఒప్పుకోండి. "మీ కోపంలో న్యాయం ఉంది" అన్న మాట లీడరు నోట వింటే తర్వాత చెప్పేది వింటారు.

బ్యాంకులో అన్న మాట గురించి కూడా ఒకటి తెలుసుకోండి. 10 లక్షల లోపు గ్రూపు రుణాలకు పొదుపు ఖాతాను హామీగా పట్టి ఉంచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. గొడవ పడమని కాదు. గ్రూపుల లెక్కలు చూసే మీ యానిమేటర్‌నో, పొదుపు గ్రూపులను చూసుకునే వెలుగు ఆఫీసులో సీసీనో (కమ్యూనిటీ కోఆర్డినేటర్) వెంటబెట్టుకుని వెళ్లి మేనేజరుతో నెమ్మదిగా మాట్లాడండి. ఇంకో సంగతి: అప్పు తీసుకున్నప్పుడు పదిమందీ సంతకాలు పెట్టిన ఒప్పంద పత్రం ఉంటుంది. దాని ప్రకారం బాధ్యత పదిమందిదీ. లీడరు ఒక్కదానిదే అని ఎక్కడా లేదు. మీ జేబులోంచి కట్టాల్సిన పని మీకు మొదటి నుంచీ లేదు.

మీ ముందున్న దారులు చెప్తాను, దేని వెంట ఏం వస్తుందో కూడా.

ఇప్పటిదాకా చేసినట్టే గుట్టుగా మీరే కట్టుకుంటూ పోవచ్చు. ఇంకా 14 కిస్తీలున్నాయి, 32,200 రూపాయలు. మీ బర్రెలు అన్ని పాలివ్వవు. ఆ తర్వాత వదిన మీకు ఎదురుపడలేకపోతుంది, మీరు ఆమెను మునుపటిలా పలకరించలేరు. ఉన్న చుట్టరికం కూడా పోతుంది.

వదినను గ్రూపులోంచి తీసేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆమె సంతకం అప్పు పత్రం మీద ఉంది, పేరు కొట్టేస్తే బాకీ కొట్టుకుపోదు. పైగా గ్రూపులో ఉండాలన్న ఆశే ఆమె చేత కిస్తీ కట్టిస్తుంది. అది తీసేశాక ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు? ఆమె పూర్తిగా వారం ఫైనాన్సు వాళ్ల చేతుల్లో పడుతుంది.

అన్నట్టు, ఆ ఫైనాన్సు గురించి మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది: మంగళవారం ఒకరు, శుక్రవారం ఒకరు వదిన ఇంటికి వస్తున్నారని. పొదుపు కిస్తీ ఆగడానికి అసలు కారణం నాకక్కడ కనిపిస్తోంది. చేతికొచ్చిన నాలుగు రూపాయలూ గుమ్మంలో నిలబడి అరిచేవాడికి ముందు పోతాయి. అరవని వాళ్ల బాకీ ఆగుతుంది. మీ గ్రూపు వాళ్లకు ఇది లోలోపల అర్థమైంది, అందుకే మేమూ అరిస్తేనే వస్తుందని చదివింపుల బల్ల దాకా ఆలోచించారు. కానీ ఆ దారి ఎక్కడికి పోతుందో మన రాష్ట్రానికి తెలుసు. 2010లో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు ఎంత దాకా వెళ్లాయంటే ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. కట్టలేని మనిషి మీదికి తోటి సభ్యులనే ఉసిగొల్పడం అప్పటి పద్ధతుల్లో ఒకటి. మీ పొదుపు గ్రూపు అలాంటిది కాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. 1992లో మీ జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్లు, ఆ తర్వాత ఊరూరా రోజుకో రూపాయి దాచుకున్న ఆడవాళ్లు ఒకరికొకరు అండగా నిలబడాలనే ఈ పని మొదలుపెట్టారు.

వదినతో ఒంటరిగా కూర్చుని ఆ రెండు ఫైనాన్సులవీ కార్డులు తెప్పించి చూడండి. ఎంత తీసుకుంది, ఎన్ని వారాలు మిగిలాయి, వారానికెంత అని ఒక కాగితం మీద రాయండి. అవి రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న కంపెనీలైతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం వసూలుకు వచ్చేవాళ్లు బెదిరించకూడదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. చుట్టాలనూ తోటివాళ్లనూ వేధించకూడదు. అలా జరుగుతుంటే ముందు ఆ కంపెనీకి రాసి ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. బాకీ మాత్రం బాకీయే. కట్టాల్సింది కట్టాలి. ఎవరికి ఎంత, ఎప్పుడు అన్నది భయంతో తేలకూడదు.

మూడో దారి, నాకు మీ పరిస్థితిలో మేలనిపించేది, విషయాన్ని సమావేశంలో పెట్టడం. పదో తేదీకి ముందే పెట్టండి. వదిన తప్పకుండా ఉండాలి, ఆమె లేకుండా ఆమె గురించి మాట్లాడుకునే సమావేశం అయితే అసలు పెట్టొద్దు. మొదట మీరు మీ సంగతి చెప్పండి: ఏడు, ఎనిమిది కిస్తీలు నేను కట్టాను, పుస్తకంలో ఆమె పేరున రాశాను, అది పొరపాటు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, చెల్లింపు, పుస్తకం అని మనం వల్లించే పంచసూత్రాల్లో చివరిది మీ చేతిలోనే తప్పింది. పాత గీతలు కొట్టేయొద్దు, కాగితం చించొద్దు, వైట్‌నర్ పూయొద్దు. ఈ సమావేశం తేదీతో కొత్తగా మినిట్స్ రాసి, ఫలానా రెండు కిస్తీలు లీడరు చేబదులుగా కట్టిందని అందరి చేతా సంతకాలు చేయించండి. కొందరు మిమ్మల్ని నాలుగు మాటలంటారు. అననివ్వండి. వదిన ఎనిమిది నెలలు కట్టి ఫంక్షన్ కోసం ఎగ్గొట్టిందన్న మాట మాత్రం ఆ రోజుతో పోతుంది.

ఆ తర్వాత గ్రూపు ముందు రెండు మూడు పద్ధతులు పెట్టొచ్చు. వదిన పొదుపు హామీగా గ్రూపు నిధిలోంచి ఆమెకు 4,600 అంతర్గత అప్పు ఇచ్చి బ్యాంకు బాకీ వెంటనే సరిచేయొచ్చు. గ్రూపుకు రూపాయి నష్టం లేదు. అయితే రేపు ఇంకొకరికీ ఇలాంటి అవసరం వస్తే ఇదే న్యాయం చేయాల్సి ఉంటుంది, దానికి ఇప్పుడే ఒప్పుకోవాలి. గ్రూపు నిధి అంతా బయట అప్పుల్లో తిరుగుతుంటే తొమ్మిదిమందీ తలకు 511 వేసుకోవచ్చు. బ్యాంకు వరకు అదీ అంతే త్వరగా తేలుతుంది. కానీ చేతిలోంచి తీసిచ్చిన డబ్బు మీద మాటలు ఎక్కువ వస్తాయి, ఎప్పటికి తిరిగిస్తుందో రాతలో లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. మిగిలిన కిస్తీలకు వదిన ప్రస్తుతం ఎంత కట్టగలదో ఆమె నోటితోనే చెప్పించండి. పూర్తిగా 2,300 కట్టలేనంటే ఆ మాటా అక్కడే తేలాలి. అప్పుడు ఊళ్లోని పొదుపు గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘం ద్వారా బ్యాంకును కిస్తీ తగ్గించి గడువు పెంచమని అడగొచ్చు. ఒప్పుకుంటారో లేదో మేనేజరు చేతిలో ఉంటుంది, గడువు పెరిగితే వడ్డీ పెరుగుతుంది. ఎండాకాలంలో నిమ్మకు ధర వచ్చి మండీలో పని ఎక్కువగా ఉంటుంది, ఏరే పనికీ రోజూ పిలుస్తారు. అప్పుడు ఎక్కువ, వానల్లో తక్కువ కట్టే ఏర్పాటు గ్రూపు లోపల మీరే చేసుకోవచ్చు. బ్యాంకుకు పదో తేదీన 23,000 పడితే చాలు, లోపల ఎవరు ఎప్పుడు ఎంత సర్దారన్నది మీ పుస్తకం చూసుకుంటుంది. ఒక్కటి మాత్రం చేయొద్దు: ఈ బాకీ తీర్చడానికి వదిన పేరున ఇంకెక్కడో కొత్త అప్పు తీయడం. పొదుపు గ్రూపుల వాళ్లకిచ్చే స్త్రీనిధి అప్పు లాంటివి త్వరగా వస్తాయి, నిజమే. కూలి సగమైన ఇంటి మీద ఇంకో కిస్తీ పడుతుంది.

ఇక ఫంక్షన్. చుట్టుపక్కల వాళ్లు దీన్ని వదిన ఆడంబరం అంటున్నారు. నేను అలా అనలేకపోతున్నాను. మన ఊళ్లలో చదివింపుల పుస్తకం అంటే ఏమిటో మీకు తెలుసు. పదిహేనేళ్లుగా ఆమె ఊళ్లో ప్రతి పెళ్లికీ, ఓణీలకూ, గృహప్రవేశానికీ ఐదొందలో వెయ్యో చదివిస్తూ వచ్చింది. ఆ డబ్బంతా ఊరి మీద ఉంది. తన ఇంట్లో శుభకార్యం చేస్తేనే అది తిరిగొస్తుంది. ఒక్కతే కూతురైతే ఇదే అవకాశం. కాబట్టి ఆమె ఖర్చు పెట్టడమే కాదు, ఒక విధంగా తన బాకీలు వసూలు చేసుకుంటోంది కూడా. ఈ మాట గ్రూపులో మీరు చెప్పండి. చదివించినవాళ్లలో వాళ్లూ ఉంటారు, అర్థం చేసుకుంటారు.

కానీ వదిన చెప్పిన "తెల్లారే మొత్తం కట్టేస్తా" అన్న మాట మీద లెక్కలు కట్టుకోవద్దు. ఆమె అబద్ధం చెబుతోందని కాదు. ఫంక్షన్ మర్నాడు పొద్దున్నే షామియానా వాళ్లు, వంటవాళ్లు, ఫోటోల వాళ్లు, చీరల కొట్టు బాకీ వరసగా వాకిట్లో ఉంటారు. అడ్వాన్సులే ఇచ్చి ఉంటుంది కదా. వాళ్లందరూ పోగా మిగిలింది మీకు వస్తుంది, ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఫంక్షన్‌కు ముందే ఆమెతో ఒక మాట తేల్చుకోండి: ఏ ఖర్చు తగ్గించొచ్చు, చదివింపుల్లోంచి కనీసం ఎంత గ్రూపుకు పక్కన పెడుతుంది, ఎవరి చేతికి ఇస్తుంది. ఫ్లెక్సీ ఎలాగూ కట్టేశారు, భోజనాల్లో రెండు రకాలు తగ్గిస్తే ఎవరూ తక్కువ చూడరు. ఇది మీరు చెప్తే కోపం రావచ్చు. మీ అత్త చెప్తే వింటుందేమో, ఎంతైనా కన్నతల్లి. కబురు పెట్టి చూడండి.

చదివింపుల బల్ల దగ్గరికి వెళ్లే ఆలోచన మాత్రం మీరు ఆపాలి. ఆపడం మీ పనేనా అని అడిగారు. మీ పనే. లీడరుగా కంటే కూడా ఊళ్లో మనిషిగా. అక్కడ పీటల మీద కూర్చునేది పదమూడేళ్ల పిల్ల. ఆమె చేయని బాకీకి ఆమె ముందర, స్నేహితురాళ్ల ముందర, మేనమామల ముందర తల్లిని నిలదీస్తే ఆ పిల్ల ఆ రోజును జన్మలో మరచిపోదు. డబ్బు లెక్కలోనూ అది నష్టమే: అందరి ముందు తల దించుకున్న మనిషి మర్నాటి నుంచి గ్రూపుకు ముఖం చాటేస్తుంది, కిస్తీ కట్టాలన్న పట్టుదల పోయి పంతం వస్తుంది. సమావేశం ముందే జరిగి లెక్క తేలితే ఈ ఆలోచన దానంతటదే వీగిపోతుందని నా నమ్మకం. అప్పటికీ ఒకరిద్దరు వెళ్తామంటే, నేను రాను, గ్రూపు పేరు చెప్పి మీరూ వెళ్లకూడదు అని సూటిగా అనండి. మీరు మాత్రం ఫంక్షన్‌కు వెళ్లండి. మీ పిల్లల వేడుకలకు వదిన ఎంత చదివించిందో చూసుకుని దానికి తగ్గకుండా చదివించండి. ఆ చదివింపును మీ 4,600లో మినహాయించుకోవద్దు, రెండింటికీ సంబంధం లేదు.

లీడరుగా తప్పుకోవడం గురించి. గ్రూపుల్లో లీడర్లు మారుతూ ఉండటం మంచిదే, ఒకరి చేతిలోనే పుస్తకం ఏళ్లకేళ్లు ఉండకూడదు కూడా. కానీ ఈ వారంలో తప్పుకుంటే పుస్తకంలో తప్పు దాచి పారిపోయిందనే పేరు మీకు మిగులుతుంది. బ్యాంకులో సంతకాలు మార్చే పనిలో ఇంకో కిస్తీ ఆలస్యం కావచ్చు. లెక్క సరిచేసి, రెండు మూడు కిస్తీలు తేదీకి పడ్డాక, కొత్త మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పి అప్పుడు అప్పగించండి. అప్పటికి వద్దనిపిస్తే కొనసాగండి. అది మీ ఇష్టం.

మీ వారి సంగతి చివరికి ఉంచాను గానీ, పని మాత్రం ముందు అదే చేయాలి. సమావేశంలో పదిమంది ముందు చెప్పబోయే విషయం సాయంత్రానికల్లా ఆటో స్టాండులో ఉంటుంది. ఆయన అక్కడ వినకూడదు. సమావేశానికి ముందు రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక పాల బిల్లుల కాగితం, గ్రూపు పుస్తకం రెండూ ముందు పెట్టి చెప్పండి. "ఇంత తీశాను, ఇందుకు తీశాను, చెప్పకపోవడం నా తప్పు, ఇలా తిరిగి వస్తుంది" అని. మీ కాన్పప్పుడు పెద్దపిల్లను ఎవరు చూసుకున్నారో ఆయనకూ గుర్తుంటుంది. డబ్బు ఇచ్చినందుకు కంటే దాచినందుకే ఎక్కువ కోపం రావచ్చు, ఆ కోపానికి ఎదురు మాట్లాడకండి. మీ డబ్బు ఫంక్షన్ అయిన వెంటనే అడగొద్దు. ముందు బ్యాంకుది, తర్వాత గ్రూపుది, ఆ తర్వాతే మీది అని ఇంట్లో ఒక మాట అనుకోండి. ఆయన ఒప్పుకుంటే నెలకు ఐదొందల చొప్పున వదిన దగ్గర తీసుకుని ఆయన చేతికే ఇవ్వండి.